ఆయన నెమ్మదిగా లేచేవాడు

మెయిల్ రూమ్‌లో పెద్దాయన బల్ల వెనక, గోడకి ఒక నలుపు తెలుపు ఫోటో ఉండేది. పన్నెండు మంది నల్లజాతి మగవాళ్ళు. నలుగురు బల్ల ముందు కూర్చున్నారు, ఎనిమిది మంది వాళ్ళ వెనక నిలబడ్డారు. ఏదో పెద్ద పంచాయతీ తేల్చిన మనుషుల్లా ఉన్నారు. అందులో నాకు తెలిసింది ఒక్క బాక్సర్ మహమ్మద్ అలీ. చిన్నప్పుడు గుడివాడలో మా చిన్న మేనమామ వారపత్రికలో వచ్చిన అలీ బొమ్మ కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించుకున్నాడు. అలా తెలుసు.

"అలీ పక్కన కూర్చున్నాయన ఎవరండీ?" అని అడిగాను. నేను అమెరికాలోని క్లీవ్‌లాండ్ వచ్చి అప్పటికి మూడు వారాలు. 1998 నవంబరు.

పెద్దాయన కవర్లు సర్దుతున్నవాడు ఆగిపోయాడు. "జిమ్ బ్రౌన్ తెలియదా నీకు?" అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. మా ఊళ్ళో ఎవరైనా వచ్చి రామారావంటే ఎవరని అడిగితే మేమెలా చూస్తామో అలా చూశాడు. ఆ తర్వాత పదిహేనేళ్ళు, ఆయన రిటైరయ్యేదాకా, రోజూ పది గంటల కాఫీ ఆయన దగ్గరే తాగాను. ఆ ఊరిని నాకు నేర్పింది ఆయన. ఎక్కువగా జిమ్ బ్రౌన్ కథలోంచే నేర్పాడు.

జిమ్ బ్రౌన్ ఒకప్పుడు ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ టీమే నేను వెళ్ళేసరికి ఊళ్ళో లేదు. 1995 సీజన్ అయ్యాక ఓనరు టీమ్‌ని బాల్టిమోర్ తీసుకుపోయాడు. ఈరీ సరస్సు ఒడ్డున పాత మునిసిపల్ స్టేడియం పడగొట్టి, అదే చోట కొత్తది కడుతున్నారు. మా ఆఫీసు కిటికీలోంచి క్రేన్లు కనిపించేవి. టీమ్ పేరు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కాబట్టి ఈ జిమ్ బ్రౌన్ పేరే పెట్టారనుకున్నాను. పెద్దాయన సరిదిద్దాడు: అది మొదటి కోచ్ పాల్ బ్రౌన్ పేరు. "పేరు కోచ్‌ది. ఊరు మాత్రం జిమ్‌ది" అన్నాడు.

వాళ్ళ ఆట నాకు అర్థమైంది కబడ్డీ వల్ల. కూతకి వెళ్ళినవాడు పట్టు విడిపించుకుని గీత దాటి రావడం చూసినవాళ్ళకి ఇది తొందరగానే బోధపడుతుంది. బంతి చంకలో పెట్టుకుని ముందుకి ఉరకాలి. ఎదురుగా పదకొండు మంది, ఒక్కొక్కడు ఏనుగు గున్నలాంటివాడు, కాళ్ళకీ నడుముకీ భుజాలకీ వేలాడతారు. జిమ్ బ్రౌన్ అలా పరిగెత్తేవాడు. 1957 నుంచి 1965 దాకా తొమ్మిది సీజన్లు ఆడితే, ఎనిమిదింటిలో అందరికన్నా ఎక్కువ దూరం పరిగెత్తింది ఆయనే. 118 ఆటలు, ఒక్కటి కూడా మానలేదు. మొత్తం 12,312 గజాలు. ఒకరోజు కాఫీ తాగుతూ కాగితం మీద లెక్కేశాను. పదకొండు కిలోమీటర్ల పైచిలుకు. గుడివాడలో మా ఇంటి నుంచి అంత దూరం నడిస్తే పక్క ఊళ్ళు దాటిపోతాం. ఆ దూరమంతా ఎవరో ఒకరు మీద పడుతూండగా పరిగెత్తాడు మనిషి! బంతి పట్టుకున్న ప్రతిసారీ సగటున 5.2 గజాలు, అంటే పదిహేను అడుగుల పైమాట. ఆ కాగితం పెద్దాయన తీసుకుని ఫోటో పక్కన గుచ్చుకున్నాడు.

కానీ ఆయన ఎప్పుడు చెప్పినా అంకెల దగ్గర ఆగేవాడు కాదు. ఆ లేవడం దగ్గర ఆగేవాడు.

ఆట చూసిన ప్రతివాళ్ళూ చెప్పే మాటే అది. నలుగురైదుగురు కలిసి కింద పడేశాక జిమ్ బ్రౌన్ వెంటనే లేచేవాడు కాదు. ఒక మోకాలు, తర్వాత ఒక చెయ్యి, తర్వాత నడుము. ముసలివాడిలా, ఇక అయిపోయాడు అన్నట్టు లేచి, తల దించుకుని, కాళ్ళీడ్చుకుంటూ తన వాళ్ళ దగ్గరికి నడిచేవాడు. మళ్ళీ బంతి చేతిలో పడగానే అదే ఉరుకు. దెబ్బ తగిలినా అలాగే లేస్తాడు, తగలకపోయినా అలాగే లేస్తాడు. నిజంగా నొప్పి ఎప్పుడుందో అవతలివాడికి ఎన్నటికీ తెలియదు. మెయిల్ రూమ్‌లో ఉత్తరాల ట్రాలీ పక్కకి నెట్టి, కింద కూర్చుని, పెద్దాయన నాకు అది చేసి చూపించాడు. అప్పటికి ఆయనకి నలభై ఎనిమిదేళ్ళు. లేచి ప్యాంటు దులుపుకుంటూ, "మా నాన్న కూడా పనినుంచి ఇంటికి అలాగే వచ్చేవాడు. ఉక్కు కర్మాగారంలో ఆయనకి ఏ రోజు ఏమైందో మాకు ఎప్పుడూ తెలియలేదు" అన్నాడు.

1964 డిసెంబరు 27, ఆ ఏటి లీగ్ ఫైనల్. ఆ తేదీ వినని వారం లేదు నాకు. ఆదివారం. సరస్సు మీంచి చలిగాలి. స్టేడియంలో 79,544 మంది. పెద్దాయన వాళ్ళ హఫ్ పేటలో ఎవరికీ టికెట్టు లేదు. టీవీ ఉన్నా లాభం లేదు, ఎందుకంటే సొంత ఊళ్ళో జరిగే ఆటని ఆ ఊరి టీవీలో చూపించకూడదని అప్పటి రూలు. డబ్బున్నవాళ్ళు కార్లేసుకుని దూరపు ఊళ్ళకి పోయి మోటెళ్ళలో చూశారట. వీళ్ళు వంటింట్లో రేడియో చుట్టూ చేరారు. ఆయనకి పద్నాలుగేళ్ళు. అమ్మ పొయ్యి మీద కూర కలుపుతోంది, నాన్న కుర్చీలో. ఎదురుగా బాల్టిమోర్ కోల్ట్స్, అందరూ వాళ్ళదే గెలుపన్నారు. సగం ఆటయ్యేసరికి సున్నా సున్నా. తర్వాత జిమ్ ఎడమవైపు నుంచి ఒక్క పరుగు తీశాడు, 46 గజాలు. నాన్న కుర్చీలోంచి లేచాడు. ఆ కాసేపట్లోనే జిమ్ టీమ్‌లోని గ్యారీ కాలిన్స్ చేతిలో బంతి పడింది, టచ్‌డౌన్, అంటే గోల్ లాంటిది. మళ్ళీ పడింది. మళ్ళీ. 27–0. "మా నాన్న అమ్మని ముద్దు పెట్టుకోవడం మేం చూసింది ఆ ఒక్కరోజే" అని నవ్వేవాడు. గరిటె ఇంకా అమ్మ చేతిలోనే ఉందట.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ ఊరికి ఏ ఆటలోనూ పెద్ద కప్పు రాలేదు. అది మనసులో పెట్టుకుని చదవండి, మళ్ళీ వస్తాను.

జిమ్ బ్రౌన్ పుట్టింది 1936లో, జార్జియా తీరంలో సెయింట్ సైమన్స్ అనే దీవిలో. తండ్రి బాక్సరు, ఇంట్లో ఉండే మనిషి కాదు. తల్లి న్యూయార్క్ వైపు వెళ్ళి తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పని చేసుకునేది. పిల్లాడిని తాతమ్మ పెంచింది. ఎనిమిదేళ్ళకి తల్లి దగ్గరికి లాంగ్ ఐలండ్‌లోని మన్హాసెట్ వెళ్ళాడు. ఈ ముక్క విన్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది. మా అమ్మానాన్నలు ఉద్యోగాల మీద ఒరిస్సాలో ఉంటే నేనూ పదేళ్ళొచ్చేదాకా అమ్మమ్మ దగ్గరే పెరిగాను. అమ్మ ఉన్న ఊరికి మొదటిసారి బస్సు దిగినప్పుడు ఆవిడని ఏమని పిలవాలో తెలియక బిగుసుకుపోయాను. అది పెద్దాయనకి చెప్పాను. ఆయన ఏమీ అనకుండా నా కప్పులో ఇంకొంచెం కాఫీ పోశాడు.

మన్హాసెట్ హైస్కూల్లో ఆయన ఆడని ఆట లేదు. సిరక్యూస్ యూనివర్సిటీకి వెళ్తే అక్కడ మొదటి ఏడు స్కాలర్‌షిప్పు కూడా లేదు. ఊరి పెద్దలు కొందరు చందాలు వేసి ఫీజు కట్టారు. ఆ సంగతి కుర్రాడికి తెలియదు, స్కాలర్‌షిప్పే అనుకున్నాడు. లాక్రోస్ అని కర్ర చివర వల కట్టి ఆడే ఆట ఒకటుంది. దాంట్లో కూడా ఆయన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు.

సిరక్యూస్‌లో ఆయన వేసుకున్న 44 నంబరు చొక్కా తర్వాత ఎర్నీ డేవిస్‌కి ఇచ్చారు. దేశంలో కాలేజీ ఆటగాళ్ళకిచ్చే అన్నిటికన్నా పెద్ద బహుమతి హైస్మన్. 1961లో దాన్ని అందుకున్న ఎర్నీ, అది దక్కిన మొదటి నల్లజాతివాడు. బ్రౌన్స్ టీమ్ అతన్ని తెచ్చుకుంది. అన్నదమ్ముల్లా ఇద్దరూ పక్కపక్కన పరిగెత్తుతారని ఊరంతా ఎదురుచూసింది. ఇంతలో రక్తకేన్సరు. 1962 ఆగస్టులో ఒక రాత్రి స్టేడియంలో దీపాలు ఆర్పేసి, ఒక్క ఎర్నీ మీద వెలుగు వేసి మైదానంలోకి నడిపించారు. అంతే, ఒక్క ఆటా ఆడలేదు. 1963 మే 18న పోయాడు, ఇరవైమూడేళ్ళు. ఆ తేదీ చెప్పేటప్పుడు పెద్దాయన గొంతు తగ్గించేవాడు.

మన దగ్గర సినిమా నుంచి రాజకీయాల్లోకి వెళ్ళినవాళ్ళ కథలు కొల్లలు. ఆట నుంచి సినిమాకీ, అక్కణ్ణుంచి జనం పనిలోకీ వెళ్ళిన మనిషి నాకు కొత్త. 1966 వేసవిలో జిమ్ ఇంగ్లండులో 'ది డర్టీ డజన్' షూటింగులో ఉన్నాడు. వానల వల్ల షూటింగు సాగింది. ఇక్కడ ప్రాక్టీసు క్యాంపు మొదలైంది. రాని ప్రతి రోజుకీ జరిమానా అన్నాడు టీమ్ ఓనరు. అంతకు ముందు సీజన్లోనే లీగ్ మొత్తం మీద అత్యుత్తమ ఆటగాడని బహుమతి తీసుకున్న మనిషి, ముప్ఫై ఏళ్ళవాడు, వేసుకున్న సిపాయి వేషం తియ్యకుండానే పత్రికలవాళ్ళని పిలిచి ఆట మానేస్తున్నానని చెప్పాడు. ఓడిపోయి వెళ్ళలేదు, ముసలైపోయి వెళ్ళలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఆయన పరుగుల రికార్డు ఇంకొకడు దాటడానికి 1984 దాకా పట్టింది.

పెద్దాయనకి సినిమాల మీద పెద్ద గురి లేదు. కానీ 1969లో '100 రైఫిల్స్' తెర మీద నల్లవాడు హీరోగా తుపాకీ పట్టుకుని, తెల్ల హీరోయిన్ రాకెల్ వెల్చ్‌ని దగ్గరికి తీసుకుంటే హాల్లో తమ వాళ్ళు గుక్క తిప్పుకోలేదని చెప్పాడు. అంతకు రెండేళ్ళ ముందు దాకా ఎన్నో రాష్ట్రాల్లో అలాంటి పెళ్ళి చేసుకుంటే జైలే.

జిమ్ ఆట మానేసిన ఆ 1966 జూలై నెలలోనే హఫ్ పేట తగలబడింది. ఒక బార్‌లో నల్లవాడికి మంచినీళ్ళు ఇవ్వనన్నారన్న మాట మీద రాజుకుంది. నలుగురు చనిపోయారు, సైన్యం దిగింది. పదహారేళ్ళ పెద్దాయన పొద్దున లేచి చూస్తే, రోజూ రొట్టె తెచ్చుకునే కొట్టు లేదు. "మాకు ఓటు హక్కుంది. పేటలో మాదంటూ ఒక్క కొట్టు లేదు" అన్నాడు. జిమ్ బ్రౌన్ చెప్పిందీ అదే. ఊరేగింపుల మీద ఆయనకి అంత నమ్మకం లేదు. నల్లవాళ్ళు సొంతంగా వ్యాపారాలు పెట్టుకోవాలి, వాటికి అప్పు పుట్టాలి, నడిపించే చదువు ఉండాలి. దాని కోసం తోటి ఆటగాళ్ళతో కలిసి నీగ్రో ఇండస్ట్రియల్ అండ్ ఎకనామిక్ యూనియన్ అని సంఘం పెట్టాడు. తర్వాత దాని పేరు బ్లాక్ ఎకనామిక్ యూనియన్ అయింది.

గోడ మీద ఫోటో ఆ సంఘం ఆఫీసులోది. 1967 జూన్ 4. వియత్నాం యుద్ధానికి రానన్నందుకు అలీ టైటిల్ లాగేసుకున్నారు, జైలు తప్పేట్టు లేదు. జిమ్ బ్రౌన్ పిలిస్తే బాస్కెట్‌బాల్ రారాజు బిల్ రస్సెల్ వచ్చాడు. ఇరవై ఏళ్ళ కాలేజీ కుర్రాడు లూ ఆల్సిండర్ వచ్చాడు, మనకి కరీం అబ్దుల్ జబ్బార్‌గా తెలిసినవాడు. స్థానిక వకీలు కార్ల్ స్టోక్స్ వచ్చాడు, అదే ఏడాది నవంబరులో ఆ ఊరికి మేయరుగా గెలిచాడు. పెద్ద అమెరికన్ నగరానికి మొదటి నల్లజాతి మేయరు. వచ్చిన ఆటగాళ్ళలో సైన్యంలో పనిచేసినవాళ్ళున్నారు. తలుపులేసుకుని అలీని గంటల తరబడి గుచ్చి గుచ్చి అడిగారు. భక్తా, పంతమా, ఎవరైనా ఆడిస్తున్నారా? అలీ మాట మార్చలేదు. అప్పుడు అందరూ బయటికొచ్చి పత్రికల ముందు ఆయన పక్కన నిలిచారు. రెండు వారాలకి అలీకి అయిదేళ్ళ శిక్ష వేశారు, 1971లో సుప్రీం కోర్టు కొట్టేసింది.

పంచాయతీ తేల్చిన మనుషుల్లా ఉన్నారని మొదట్లో అన్నాను. నిజంగా అదే.

ఆ ఆఫీసు ఉన్న చోటు పెద్దాయన నాకు 2001లో చూపించాడు. క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన ఏటా ఈస్టర్ రోజుల్లో జరుగుతుంది, యూక్లిడ్ అవెన్యూ మీద స్టేట్ యూనివర్సిటీలో. ఆ ఏడు మా కారు మొరాయిస్తే పెద్దాయన వచ్చి దింపాడు, సాయంత్రం తీసుకెళ్ళడానికి మళ్ళీ వచ్చాడు. పంచరత్నాలు ఇంకా నడుస్తున్నాయి. తలుపు దగ్గర నిలబడి ఎర్రటి కోటు చేత్తో పట్టుకుని, అయ్యేదాకా కదలకుండా విన్నాడు. "ఇంతమంది ఒకే పాట, ఎవరూ తప్పకుండా" అన్నాడు. కారు ఇంటివైపు తిప్పలేదు. అదే యూక్లిడ్ వెంట తూర్పుగా పోనిచ్చి, 105వ వీధి దగ్గర ఆపాడు. చుట్టూ ఆస్పత్రి భవనాలు. వెనక సీట్లో పట్టుచీరలో మా ఆవిడ, ఒళ్ళో నిద్రపోతున్న పాప. "ఇక్కడేముందండీ?" అంది మా ఆవిడ. ఆయన ఇంజను ఆపి, అద్దం దించి, చెయ్యి చాపి, "అలీ ఇక్కడికే వచ్చాడు" అన్నాడు. రోజూ ఆ దారినే పోయే నాకు ఆ రోడ్డు మరోలా కనిపించింది.

ఇక రెండో కథ. ఇది రాయకుండా దాటేస్తే పెద్దాయన భార్యకి అన్యాయం చేసినట్టు.

2002 వసంతంలో వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. పెద్దాయన భార్య నర్సు, పాతికేళ్ళు ఎమర్జెన్సీలో చేసింది. బల్ల మీద గిన్నెలు పెడుతూ, "పరుగు గురించి ఈయన చెప్తాడు. మిగతాది నేను చెప్తాను" అంది. జిమ్ బ్రౌన్ అప్పుడు జైల్లో ఉన్నాడు. 1999లో భార్యతో గొడవపడి ఆవిడ కారు పగలగొట్టాడు. కోర్టు కౌన్సెలింగుకి వెళ్ళమంది, సమాజసేవ చెయ్యమంది. చెయ్యనన్నాడు, జైలుకే వెళ్ళాడు. అంతకు ముందూ ఉన్నాయి. 1968లో లాస్ ఏంజిలిస్‌లో ఆయన ఇంటి బాల్కనీ కింద ఒక యువతి దెబ్బలతో దొరికింది. ఆమె ఆయన మీద ఫిర్యాదు చెయ్యలేదు. తర్వాత కూడా వేరే ఆడవాళ్ళు ఆరోపించారు. చాలావరకు కోర్టుల్లో నిలబడలేదు. "తలుపు తగిలిందని చెప్పే ఆడవాళ్ళకి నేను కుట్లు వేశాను. కేసు నిలవలేదంటే ఏమీ జరగలేదని నాకు చెప్పకండి" అంది ఆవిడ.

పెద్దాయన ఎదురు చెప్పలేదు. కొంచెం ఆగి, లాస్ ఏంజిలిస్ కుర్రాళ్ళ సంగతెత్తాడు. 1988లో జిమ్ అమెర్-ఐ-కెన్ అని పెట్టాడు. జైళ్ళలో ఉన్నవాళ్ళకీ, ముఠాల్లో తిరిగే పిల్లలకీ బతుకు నేర్పే చదువు. కనబడితే కాల్చుకునే బ్లడ్స్, క్రిప్స్ ముఠాల కుర్రాళ్ళని హాలీవుడ్ కొండ మీద తన ఇంట్లో ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాడు. 1992లో వాట్స్ పేటలో ముఠాలు రాజీపడ్డాయంటే, దాని వెనక ఆ ఇంట్లో జరిగిన మాటలు కూడా ఉన్నాయి. "బతికిన పిల్లలు బతికారు కదా" అన్నాడు.

"బతికారు. కోపం ఎలా అణుచుకోవాలో వాళ్ళకి నేర్పిన మనిషి గురించే నేనూ మాట్లాడుతున్నాను" అంది ఆవిడ.

ఆ రాత్రి కారులో మా ఆవిడ, "ఆవిడ చెప్పిందే నిజం" అంది. నాకూ అదే అనిపించింది. పెద్దాయన చెప్పింది కూడా అబద్ధం కాదు. పెద్దవాళ్ళ తప్పుల మీద గుడ్డ కప్పడం మన ఇళ్ళల్లో ఎంత సులువుగా చేస్తామో నాకు తెలుసు, మా వంశంలోనే చూశాను. అందుకే జిమ్ గురించి ఎవరికి చెప్పినా రెండు కథలూ చెప్తాను. ఒకటి చెప్పి ఒకటి దాచడం నా వల్ల కాదు.

2016 జూన్‌లో లెబ్రాన్ జేమ్స్ బాస్కెట్‌బాల్ టీమ్ కప్పు తెచ్చింది. 52 ఏళ్ళ తర్వాత ఆ ఊరికి మొదటి కప్పు. ఊరేగింపు రోజున జనం దీపస్తంభాలెక్కారు. రిటైరైన పెద్దాయన మడత కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు, నాన్న పాత టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ సెప్టెంబరులో స్టేడియం బయట జిమ్ బ్రౌన్ కంచు విగ్రహం పెట్టారు. చంకలో బంతి, పరిగెత్తే భంగిమ. పెద్దాయన చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బాగుంది. కానీ లేస్తున్నట్టు చెయ్యాల్సింది" అన్నాడు.

2019లో మేం డాలస్ వచ్చేశాం. 2023 మే 19, శుక్రవారం, ఆఫీసులో ఉండగా వార్త చూశాను. ముందురోజు రాత్రి జిమ్ బ్రౌన్ లాస్ ఏంజిలిస్‌లో పోయాడు, 87 ఏళ్ళు. వెంటనే క్లీవ్‌లాండ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ ఎత్తింది.

"విన్నావా? పొద్దున్నుంచి ఆ ఫోటో ఒళ్ళో పెట్టుకుని అద్దం తుడుస్తున్నాడు" అంది. తర్వాత, "నేనన్నవన్నీ అన్నవే. ఒక్కటీ వెనక్కి తీసుకోను. ఇవాళ మాత్రం అనను" అని ఫోన్ ఆయనకిచ్చింది.

ఆయన హలో కూడా అనలేదు. "తేదీ చూశావా?" అన్నాడు.

నాకు వెలగలేదు.

"మే 18. ఎర్నీ పోయిందీ మే 18నే. సరిగ్గా అరవై ఏళ్ళు."

చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. అటువైపు గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. వెనకనుంచి ఆవిడ భోజనానికి రమ్మని పిలిచింది. "వస్తున్నా" అన్నాడు. ఫోన్ చేతిలోనే ఉంది. కుర్చీ కిర్రుమంది, ఆగింది, మళ్ళీ కిర్రుమంది. లేవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.